శనివారం గడ్డం

నర్సు ముఖం చూసి రోగి సంగతి కనిపెట్టొచ్చని జనం అనుకుంటారు. గ్రేసీ ముఖం చూసి మాత్రం ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె నేర్చిన విద్యల్లో అదొకటి. నాచారం సందులో స్కూటీ ఆపి, హెల్మెట్ తీసి, నుదుటి మీది చెమట తుడుచుకునేసరికి ఆ ముఖం సిద్ధంగా ఉంటుంది. నవ్వుతున్నట్టూ ఉండదు, నవ్వనట్టూ ఉండదు. దాన్ని చూసి ఇంటివాళ్లు ధైర్యం తెచ్చుకునేవారు. ఆ గురువారం పొద్దున కూడా తెచ్చుకున్నారు. అదే కొంప ముంచింది.

గ్రేసీ ఒకప్పుడు పెద్ద ఆసుపత్రిలో, ఐసీయూలో చేసింది. అక్కడ మనుషులు పచ్చ కర్టెన్ల వెనక, యంత్రాల కూతల మధ్య పోయేవారు. సొంతవాళ్లు బయట కుర్చీల్లో కునికిపాట్లు పడుతుండగా లోపల ప్రాణం పోయేది. ఆ తర్వాత ఎవరో ఒకరు బయటికి వెళ్లి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ గ్రేసీయే. అది పడలేక ఆ ఉద్యోగం మానేసి, ఇక నయం కాదని డాక్టర్లు చేతులెత్తేసిన వాళ్ల ఇళ్లకు నర్సులను పంపే ఒక చిన్న సంస్థలో చేరింది. ఉప్పల్, నాచారం, మౌలాలి ఆమె వంతు. నొప్పికి మందివ్వడం, పుండ్లు కడగడం, పక్క మార్చడం ఆమెకు కొత్తేమీ కాదు. అక్కడ కొత్తగా నేర్పింది ఒకే ఒక్క మాట.

"పిలుచుకోవాల్సిన వాళ్లుంటే పిలుచుకోండి."

ఆఖరి గడియలు దగ్గరపడ్డ గుర్తులు కనిపించిన రోజున నర్సు ఇంటివాళ్లతో ఆ మాట అనాలి. ఇన్ని గంటలని చెప్పకూడదు. ఏడవొద్దని అసలే చెప్పకూడదు. ఆ మాట అని, పక్కన నిలబడాలి. మిగతావన్నీ మరిచినా దీన్ని మాత్రం మరవొద్దని శిక్షణ ఇచ్చిన పెద్ద సిస్టర్ మరీ మరీ చెప్పింది. పోయేవాళ్లకు మనం చేయగలిగింది కొంచెమే, ఉండిపోయేవాళ్లకు ఈ ఒక్కటీ చేయకపోతే బతికినన్నాళ్లూ వాళ్లను అది తొలుస్తూనే ఉంటుంది అని. గ్రేసీ చాలా ఇళ్లలో ఆ మాట అంది. అనగానే ఒకరు ఫోను వెతుక్కుంటారు. ఇంకొకరు ఎందుకో తెలియకుండానే వెళ్లి పొయ్యి వెలిగిస్తారు.

భూషణం ఇంట్లో అనాల్సినప్పుడు అనలేదు. ఈ కథంతా అందుకే.

భూషణం నాచారం పారిశ్రామికవాడలో ఒక బిస్కెట్ల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. జనగామ దిక్కు పల్లె నుంచి భార్య లూర్దమ్మతో, చంకలో కొడుకుతో వచ్చి, జనార్ధనరావుగారి రెండంతస్తుల ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాడు. మళ్లీ ఇల్లు మారలేదు. చంకలో వచ్చిన కొడుకు జీవన్ కుమార్ ఇప్పుడు పోచారం క్యాంపస్‌కు ఉద్యోగులను చేరవేసే బస్సు నడుపుతున్నాడు. క్రిస్మస్‌కు లూర్దమ్మ కేకు పైకి వెళ్లేది, ఉగాదికి జనార్ధనరావుగారి భార్య అనంతలక్ష్మిగారి పచ్చడి కిందికి వచ్చేది. ఓనరు, అద్దెవాళ్లు అనే తేడా ఉన్నా, లేనట్టు నడుపుకునే మర్యాద ఇద్దరికీ ఉంది.

భూషణానికి ఒక పట్టింపు. ఆదివారం చర్చిలో పూజకు నున్నటి గడ్డంతో తప్ప వెళ్లడు. శనివారం సాయంత్రం వాకిట్లో స్టూలు వేసుకుని, గోడకు అద్దం ఆనించి, తీరిగ్గా గీసుకునేవాడు. కాలేయానికి క్యాన్సర్ వచ్చి చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని జీవన్ చేతికి వచ్చింది. తండ్రీ కొడుకులు మాట్లాడుకునే రకం కాదు. ఒకే ఇంట్లో ఉండి, లూర్దమ్మ ద్వారా సమాచారాలు పంపుకునే బాపతు. గడ్డం గీసే ఆ కాసేపు మాత్రం ఇద్దరికీ నోళ్లు పెగిలేవి. కొడుకు నురగ పూస్తూ ఏదో అడుగుతాడు, తండ్రి దవడ బిగించి ఊఁ అంటాడు, కత్తి ఆగినప్పుడల్లా ఒక ముక్క చెబుతాడు. లూర్దమ్మ ఆ సమయంలో కావాలనే వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

గ్రేసీ మొదటిసారి ఆ ఇంటికి వచ్చిన రోజున భూషణం ఆమె చేయి పట్టుకున్నాడు. అప్పటికి ఇంకా లేచి కూర్చోగలిగేవాడు.

"మా అన్న దవాఖానాల పోయిండు బిడ్డా," అన్నాడు. "చేతులు రెండు మంచానికి కట్టేసిన్రు. నోట్ల పైపు. ఏమో జెప్పాలని సూసిండు నా దిక్కు. ఏం జెప్పాలనుకున్నడో ఇప్పటికీ తెల్వది. నన్ను గట్ల తీస్కపోవద్దు. నా ఇంట్ల నన్ను పోనియ్యుండ్రి. మాటియ్యి."

అలాంటి మాటలు ఇవ్వకూడదని కూడా శిక్షణలో చెప్పారు. గ్రేసీ ఇచ్చింది. ఐసీయూలో ఎంతమంది చేతులకు గుడ్డ కట్టిందో ఆమెకు తెలుసు. ఇవ్వకుండా ఎలా ఉంటుంది?

మొదటి చిక్కు ఫాదర్ వచ్చిన రోజున మొదలైంది. చర్చి నుంచి ఫాదర్ వచ్చి భూషణం నుదుటికీ అరచేతులకూ నూనె పూసి, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లకు చేసే ప్రార్థన చేశాడు. కొవ్వొత్తుల వాసన మెట్ల మీదుగా పైకి పోయింది. జనార్ధనరావుగారు పంచాంగం తీశారు.

ఆయన సంగతి చెప్పాలి. భూమి లోపలి కదలికలను కొలిచే ఒక ప్రభుత్వ సంస్థలో శాస్త్రవేత్తగా చేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి. భూకంపం ఎప్పుడు వస్తుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదని ఉద్యోగమున్నన్నాళ్లూ అడిగినవాళ్లకల్లా చెప్పిన మనిషి. మంచివాడే. జీవన్‌కు పదో తరగతి లెక్కలు ఆయనే చెప్పారు. కానీ పైన ఆయన కూతురు సిరి పురుటికి వచ్చి ఉంది, నెలలు నిండాయి. పంచాంగంలోనేమో గురువారం నుంచి ధనిష్ఠా పంచకం. ధనిష్ఠ మొదలు రేవతి వరకు ఆ ఐదు నక్షత్రాలు నడిచే రోజుల్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలని నమ్మకం. నమ్మేవాళ్లు నిజంగానే తాళం వేసుకుని పోతారు. నిండు గర్భిణిని పెట్టుకుని ఎక్కడికి పోతారు?

గురువారం పొద్దున గ్రేసీ వచ్చి భూషణం మీది దుప్పటి తొలగించింది. పాదాలు చల్లగా ఉన్నాయి. మోకాళ్ల మీద చర్మం నీలంగా, వల పరిచినట్టు మచ్చలు తేలింది. మూత్రం సంచిలో అడుగున కొంచెం, టీ డికాక్షన్ రంగులో. ముక్కు కొన సన్నబడింది. ఊపిరి వరుసగా నాలుగైదుసార్లు వచ్చి, ఆగి, ఇక రాదేమో అనిపించేంతసేపు ఆగి, మళ్లీ వస్తోంది. గ్రేసీకి వేరే పరీక్షలు అక్కర్లేదు. ఈ రాత్రో, తెల్లవారుజామునో అనుకుంది. దుప్పటి కప్పింది. లూర్దమ్మ వైపు తిరిగింది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది.

"సిస్టర్ గారూ, ఒక్క నిమిషం."

జనార్ధనరావుగారు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. లోపలికి రాలేదు. ఆయన వెనక జీవన్, యూనిఫాం చొక్కా వేసుకుని, చేతిలో బండి తాళం తిప్పుకుంటూ.

"ఏమనుకోకండి, దాపరికం లేకుండా అడుగుతున్నాను," అన్నారు రావుగారు. పంచాంగం సంగతీ, సిరి సంగతీ చెప్పారు. "మీకూ వీళ్లకూ ఇలాంటి పట్టింపులు ఉండవని తెలుసు. కానీ నక్షత్రం మనిషి మతాన్ని చూడదండీ, ఇంటిని చూస్తుంది. ఈ ఐదు రోజులూ ఫరవాలేదంటే నాకేమీ అభ్యంతరం లేదు. అనుమానం ఉందంటే ఇప్పుడే చెప్పండి. ఉప్పల్లో తెలిసిన ఆసుపత్రి ఉంది. అంబులెన్సు నేనే పిలుస్తాను. ఐదు రోజులు అక్కడుంచి, మళ్లీ తీసుకొచ్చేద్దాం."

తీసుకొచ్చేద్దాం అన్న మాట ఆయన నమ్మే అన్నారు. గ్రేసీ మాత్రం మనసులో అంబులెన్సును చూసింది, ఉప్పల్ రోడ్డు గుంతల్లో అది ఎగిరెగిరి పడటం చూసింది, ఎమర్జెన్సీలో ఎవరో పసి డాక్టరు భూషణం గొంతులోకి పైపు దించడం చూసింది, గుడ్డతో మంచానికి కట్టిన రెండు చేతులు చూసింది. భూషణం కళ్లు సగం తెరిచి ఉన్నాయి. వింటున్నాడో లేదో.

"ఐదు రోజులెందుకు సార్," అంది గ్రేసీ. "పది రోజులు ఢోకా లేదు. బీపీ మంచిగుంది."

బీపీ ఆమె చూడనే లేదు.

రావుగారి భుజాలు కిందికి దిగాయి. "హమ్మయ్య. మీరు చెప్పారు కాబట్టి ధైర్యం," అన్నారు. కానీ వెళ్లిపోలేదు. అక్కడే నిలబడి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. అప్పుడు జీవన్ ముందుకు వచ్చాడు.

"అక్కా, నాన్న పొద్దుగాల లేసిన కాడికెళ్లి గడ్డం పట్టి సూపిస్తుండు. గీయమంటుండు. ఇయ్యాల డ్యూటీ బంద్ వెట్టి ఉండాల్నా? ఫోన్ జేస్తే ఇంకో డ్రైవర్‌ను పంపిస్తరు. ఏందో, మనసు మంచిగ లేదు."

రావుగారు కళ్లజోడు పెట్టుకుని గ్రేసీ వైపు చూశారు. ఉండు అంటే పది రోజుల మాట అక్కడికక్కడే కూలిపోతుంది. గ్రేసీ అదే ముఖంతో జీవన్‌ను చూసింది.

"ఎందుకు జీవన్? శనివారం గియ్యి, ఎప్పటిలెక్కనే. పో, టైమైతుంది."

జీవన్ ముఖం తేటపడింది. చెప్పులతోనే గది లోపలికి వచ్చి మంచం మీదికి వంగాడు. "నాన్నా, శనివారం గీస్త. మంచిగ నున్నగ గీస్త. సరేనా?" భూషణం చేయి దుప్పటిలోంచి నెమ్మదిగా లేచి మళ్లీ గడ్డం మీదికి పోయింది. కొడుకు ఆ చేతిని తీసి, దుప్పటి కింద పెట్టి, వెళ్లిపోయాడు. గేటు అవతల బండి స్టార్టయి సందు మలుపు తిరిగేదాకా గ్రేసీ సంచీలో ఏదో వెతుకుతున్నట్టు వంగే ఉంది.

లూర్దమ్మకైనా చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. కానీ లూర్దమ్మ చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. సంతోషమైనా దుఃఖమైనా ఆమె గొంతులోనే ముందు పుడుతుంది. తెలిసిందంటే పై అంతస్తుకు కాదు, పై వీధికి వినిపిస్తుంది. పైగా పది రోజులు అన్న మాట వినగానే ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, "అయితే జర జావ కాస్త. రెండు చెంచాలన్న తాగుతడు," అంటూ వంటింట్లోకి పరుగు తీసింది. గ్రేసీ వంటింటి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఇవ్వకూడని ఆశ ఇచ్చాక తిరిగి లాక్కోవడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. సాయంత్రం వస్తాను కదా, అప్పుడు చెప్తాను, జీవన్ కూడా అప్పటికి ఇంట్లో ఉంటాడు అనుకుంది. నొప్పి మందు నాలుక కింద వేసి మౌలాలికి బయలుదేరింది.

మౌలాలిలో ఒక ముసలమ్మ వీపు పుండ్లు కడగాలి. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు నాచారంలోనే ఉంది. గ్లవ్స్ తీసి, వరండాలోకి వచ్చి, జీవన్‌కు ఫోన్ చేసింది. రెండుసార్లు మోగింది. వాడు ఇప్పుడే వెనక్కి తిరిగి వస్తే రావుగారు చూడరా, చూస్తే అర్థం చేసుకోరా అనిపించి కట్ చేసింది. మరుక్షణమే వాడే చేశాడు.

"అక్కా, ఫోన్ జేసినవా? నాన్నకు ఏమన్న..."

వెనక బస్సు ఇంజను చప్పుడు. గొంతులో భయం.

"లేదు లేదు. చెయ్యి తాకి పోయింది," అంది గ్రేసీ.

మొదటి అబద్ధానికి భూషణం అడ్డుగా ఉన్నాడు. ఆయన కోసం ఆడాను అని చెప్పుకోవచ్చు. ఈ రెండోదానికి ఏ అడ్డూ లేదు. అది గ్రేసీకి అప్పుడే తెలుసు. తెలిసి కూడా గ్లవ్స్ తొడుక్కుని లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం ఎండ ఇంకా దిగకముందే లూర్దమ్మ నుంచి ఫోను. "సిస్టర్, గొంతుల గురగుర అంటుంది. జావ మింగలేదు. జర తొందరగ రా బిడ్డా."

గ్రేసీ వచ్చేసరికి భూషణం దవడ కిందికి జారింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పొద్దుటి కంటే చాలా పెరిగింది. ఆమె తలగడ సర్ది, ఆయన్ని పక్కకు తిప్పి, పెదాలు తడి దూదితో తుడిచింది. లూర్దమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అప్పుడు, అన్ని దారులూ మూసుకున్నాక, గ్రేసీ ఆ మాట అంది.

"అమ్మా, పిలుసుకోవాల్సినోళ్లుంటే పిలుసుకో."

లూర్దమ్మ అర్థం కానట్టు చూసింది. "ఎవలున్నరు బిడ్డా మాకు? ఒక్క పోరడాయె. ఆన్ని నువ్వే పొమ్మంటివి గద."

నింద వేయడానికి అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే గ్రేసీకి కొంచెం తేలికగా ఉండేది.

జీవన్ ఫోను ఎత్తాడు. ఖాళీ బస్సు బోడుప్పల్ దగ్గర ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఇరుక్కుని ఉంది. ముందూ వెనకా లారీలు. దిగి పరుగెత్తుకొస్తానన్నాడు, బస్సు నడిరోడ్డు మీద వదిలేసి ఎలా వస్తాడు? "జీవన్, ఫోన్ నాన్న చెవి కాడ వెడ్తున్న. మాట్లాడు. ఆయనకు ఇనవడ్తది," అంది గ్రేసీ. అన్నిటికంటే చివర పోయేది వినికిడి అని వాళ్లకు నేర్పుతారు. అది నిజమేనని ఆ క్షణంలో ఆమె దేవుణ్ణి బతిమాలుకుంది.

ఫోనులోంచి హారన్లు వినిపించాయి. లారీ క్లీనరు ఎవరినో తిడుతున్నాడు. వాటి మధ్య జీవన్ గొంతు. "నాన్నా... నాన్నా, వస్తున్న. ఈడనే ఉన్న. గడ్డం గీస్త నాన్నా, ఇయ్యాలనే గీస్త. జర ఆగు నాన్నా. జర ఆగు." ఆ తర్వాత వాడికి మాటలు రాలేదు. శనివారాల్లో తప్ప మాట్లాడుకోని మనుషులు వాళ్లు. హారన్లే మిగిలాయి. భూషణం ఊపిరి ఒకటి వచ్చింది, ఆగింది. గ్రేసీ చూస్తూ ఉండిపోయింది. మళ్లీ రాలేదు. కొడుకు గొంతు ఉన్న ఫోను ఇంకా ఆ చెవి దగ్గరే ఉంది.

లూర్దమ్మ నోరు తెరిచింది. గుండెల్లోంచి కేక లేచి గొంతు దాకా వచ్చింది. గ్రేసీ చెయ్యి తనంతట తనే వెళ్లి లూర్దమ్మ నోరు మూసింది.

"ఏడ్వకమ్మా. గట్టిగ ఏడ్వకు. పైన ఇనవడ్తది. జీవన్ వచ్చేదాంక ఆగు. ఆడొచ్చి సూసేదాంక ఈడనే ఉంచుకుందాం."

లూర్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి మంచం పట్టె పట్టుకుని, నేల మీద కూర్చుని, చప్పుడు లేకుండా ఊగిపోయింది. ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు కూడా ఏడ్చే స్వేచ్ఛ ఉండేది. గ్రేసీ తన చేతిని చూసుకుంది. దాని మీద లూర్దమ్మ ఉమ్మీ కన్నీళ్లూ తడిగా ఉన్నాయి. తన మీద తనకు అసహ్యం వేసింది.

ఆ చావు ఎంతోసేపు దాగలేదు. అనంతలక్ష్మిగారు బార్లీ నీళ్లు తీసుకుని మెట్లు దిగి వచ్చారు. భూషణానికి వేడి చేస్తుందని రోజూ కాచి పంపే మనిషి. గుమ్మంలోంచి చూశారు. గ్లాసు గడప పక్కన పెట్టి, "అయ్యో లూర్దమ్మా," అని మాత్రం అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకి వెళ్లిపోయారు. కాసేపటికి పై అంతస్తులో తలుపులు తీస్తున్న చప్పుడు, సూట్‌కేసు ఈడుస్తున్న చప్పుడు.

తర్వాతి పనులు చకచకా జరిగాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టుకోలేదు. రావుగారు చేతులు జోడించి అడిగారు. వాకిట్లో కూడా వద్దు, గేటు బయటికి అని. చర్చివాళ్లు నలుగురు వచ్చి భూషణాన్ని మంచంతో సహా మోసి రోడ్డు మీదికి చేర్చారు. ప్రహరీ గోడ వెంట షామియానా వేశారు. ఫ్రీజర్ బాక్సు ఉప్పల్ నుంచి వస్తోందన్నారు. వచ్చేపోయే బండ్లు వేగం తగ్గించి, చూసి, మళ్లీ హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. సిరిని కారు దగ్గరికి నడిపించుకొచ్చారు. కడుపుతో ఉన్న పిల్ల శవాన్ని చూడకూడదని తల్లి ఆమె ముఖానికి చున్నీ కప్పింది. చిన్నప్పుడు ఆ పిల్లకు గాలిపటాలు కట్టిచ్చింది భూషణమే. చున్నీ లోపల ఆమె ఏడుస్తున్నట్టు భుజాలు చెబుతున్నాయి. కారు మల్కాజిగిరి వైపు, వాళ్ల బంధువుల ఇంటికి వెళ్లిపోయింది. నా ఇంట్ల నన్ను పోనియ్యుండ్రి అన్నవాడు ఇప్పుడు నడివీధిలో పడుకుని ఉన్నాడు.

జీవన్ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆపి పరుగెత్తుకొచ్చాడు. యూనిఫాం వీపు మొత్తం తడిసి ఉంది. మంచం పక్కన ఆగి తండ్రి ముఖం చూశాడు. ఏడవలేదు. "అమ్మా, గడ్డం డబ్బా ఏడుంది?" అన్నాడు.

ఎవరో మగ్గుతో వేడినీళ్లు తెచ్చారు. జీవన్ బ్రష్ తడిపి నురగ తీశాడు. తండ్రి చెంపలకు, చుబుకం కింద, నొప్పి పుట్టే చోట తగలకుండా ప్రతి శనివారం పూసినంత జాగ్రత్తగా పూశాడు. షామియానాకు వేలాడదీసిన బల్బు వెలుతురు చాలక, ఫోను టార్చి వేసి గ్రేసీని పట్టుకోమన్నాడు. ఆమె పట్టుకుంది. బతికున్న దవడ అయితే కత్తికి తగ్గట్టు బిగుస్తుంది. ఇది బిగవదు. కత్తి మాటిమాటికీ ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా జీవన్ అలవాటుగా చిన్నగా ఆగుతున్నాడు, ఒక ముక్క వినడానికి ఆగినట్టు.

గేటుకు తాళం వేయించి రావుగారు వచ్చారు. ఒక్కసారిగా ముసలివారైపోయినట్టున్నారు.

"పది రోజులన్నారు సిస్టర్," అన్నారు. "అంత నమ్మకంగా అడిగాను మిమ్మల్ని. ఇవాళో రేపో అని ఒక్క మాట చెబితే సిరిని తీసుకుని మేమే మల్కాజిగిరి వెళ్లిపోయేవాళ్లం. పోయే మనిషిని వెళ్లగొడతానా నేను?"

పొద్దున అంబులెన్సు అన్నది ఈయనే. ఇప్పుడు ఇలా అంటున్నదీ ఈయనే. ఏది నిజమో గ్రేసీకి తెలియలేదు, బహుశా ఆయనకూ తెలియదు. ఒకవేళ ఇదే నిజమైతే? పొద్దున ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేదేమో. అడగాలని తట్టనే లేదు.

జీవన్ తల తిప్పకుండానే అన్నాడు. "జానే దో సార్. అక్కనెందుకు అంటరు? ఆమె ఏమన్న దేవుడా? పానం ఎప్పుడు పోతదో ఎవలకు తెలుస్తది?"

రావుగారు ఇంకేదో అనబోయి, భూషణం పాదాల వైపు ఒకసారి చేతులు జోడించి, ఆటో ఎక్కి వెళ్లిపోయారు. జీవన్ ఎడమ చెంప పూర్తి చేసి కత్తి మగ్గులో ఆడించాడు.

"నువ్వు ఫికర్ జేయకు అక్కా. నీకు మాత్రం ఏం తెల్సు?"

ఆ మాట తీసుకుని గ్రేసీ ఇంటికి పోవచ్చు. జీవన్ దయతో ఇచ్చాడు. ఎవరూ ఎప్పుడూ అడగరు కూడా. కానీ తెలియనివాళ్లకు ఇచ్చిన క్షమ అది, తెలిసిన మనిషి దాన్ని సంచీలో వేసుకుని పోతే దొంగతనమే అవుతుంది. టార్చి వెలుగు భూషణం కుడి చెంప మీద నిలిపి, ఆమె నెమ్మదిగా అంది.

"నాకు తెల్సు జీవన్."

కత్తి ఆగింది.

"పొద్దుగాలనే తెల్సు. మోకాళ్లు సూసినప్పుడే. సార్ ఉన్నడని అట్ల జెప్పిన. తెలిస్తే నాన్నను దవాఖానాకు పంపిస్తడని. నిన్ను పొమ్మన్నది కూడా గందుకే. సాయంత్రం దాంక ఉంటడనుకున్న. ఫోన్ కూడా... చెయ్యి తాకి పోలేదు. నేనే జేసి, కట్ జేసిన."

జీవన్ తిడతాడనుకుంది గ్రేసీ. కత్తి పట్టుకున్న చెయ్యి అది, ఏమైనా చేసినా చేయనీ అనుకుంది. అతను మళ్లీ బ్రష్ తీసి, ఆరిపోయిన నురగ మీద కొత్తగా నురగ పూశాడు. కుడి చెంప మొత్తం గీశాడు. పై పెదవి గీశాడు. చుబుకం కింద వేలితో తడిమి, ఒక్క వెంట్రుక మిగిలిన చోట మళ్లీ కత్తి పెట్టాడు. తడిగుడ్డతో ముఖమంతా తుడిచాడు. అప్పుడు గ్రేసీ చేతిలోంచి తన ఫోను తీసుకుని టార్చి ఆర్పేశాడు.

"మా అమ్మకు జెప్పకుండ్రి," అన్నాడు. ఆమె ముఖం వైపు చూడలేదు. "ఆమెకు తెలిస్తే తట్టుకోదు. ఇగ పోండి మేడం."

ఇందాకటి దాకా అక్కా అన్న నోరు. గ్రేసీ సంచీ భుజానికి తగిలించుకుంది. నాలుగు అడుగులు వేసిందో లేదో లూర్దమ్మ కుర్చీల మధ్యలోంచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. అప్పటికి ఏడవనిచ్చారు కాబట్టి గొంతు పూర్తిగా పోయింది.

"నువ్వు మాటిచ్చినట్టే జేసినవ్ బిడ్డా," అంది లూర్దమ్మ. "దవాఖానాకు పోనియ్యలే. చేతులు కట్టేయనియ్యలే. తన మంచం మీదనే పోయిండు. పది దినాలని నువ్వు కూడా మోసపోతివి, పాపం, నీ తప్పేముంది? దేవుడు నిన్ను సల్లగ సూడాలె."

అని, నోరు మూసిన ఆ చేతినే కళ్లకద్దుకుంది. గ్రేసీ ఆ చేతిని లాక్కోలేదు. చెప్పేద్దామంటే చెప్పొద్దన్నవాడు అక్కడే ఉన్నాడు. అతను రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, మగ్గులో నీళ్లు మురుగుకాలువలోకి వంపి, కత్తిని కడిగి, డబ్బాలో పెట్టి మూత వేస్తున్నాడు. గ్రేసీ ముఖం ఎప్పటిలాగే ఉంది. దాన్ని చూసి లూర్దమ్మ ధైర్యం తెచ్చుకుంటోంది.